వేలికి తెలిసిన బటన్‌

కొన్న రోజున కెమెరా ఒకలా ఉంటుంది. రెండేళ్లు పోయాక అదే కెమెరా ఇంకోలా ఉంటుంది. లెన్సు అదే, రంగు అదే, బటన్లూ అవే. కానీ ఆ బటన్లు చేసే పనులు మారిపోతాయి! మార్చింది మెకానిక్కు కాదు... మెమరీ కార్డులో కాపీ చేసిన ఓ చిన్న ఫైలు. గోరంత బటన్‌ వెనక ఉన్న ఈ కథ కెమెరా పిచ్చి ఉన్నవాళ్లకే కాదు, ఇంట్లో ఫొటోలు తీసే ప్రతి ఒక్కరికీ పనికొచ్చేదే.

అమ్మ పోపుల పెట్టెను ఎప్పుడైనా గమనించారా? ఆవాలు ఓ గిన్నెలో, జీలకర్ర పక్క గిన్నెలో, మినప్పప్పు ఇటువైపు, మెంతులు అటువైపు. మూకుడులో నూనె కాగుతుంటే ఆమె పెట్టెలోకి తొంగి చూడదు. కళ్లు పొయ్యి మీదే ఉంటాయి. చెయ్యి మాత్రం దానంతటదే సరైన గిన్నెలోకి వెళ్లొస్తుంది. పండక్కి వచ్చిన ఆడపడుచు 'ఉండు వదినా, నేను శుభ్రంగా సర్దిపెడతా' అని గిన్నెలు అటూ ఇటూ మార్చిందనుకోండి. మర్నాడు ఆవాలు పడాల్సిన చోట మెంతులు పడతాయి. చారు చేదెక్కుతుంది. పెట్టె కొత్తది కాదు, దినుసులూ కొత్తవి కావు. మారింది చోటు ఒక్కటే. కానీ చేతికి ఆ సంగతి తెలియదు కదా!

అరచేతిలో ఇమిడే కెమెరా కూడా అచ్చం అలాంటి పెట్టే. వెనక్కి తిప్పితే తెరకు పక్కనే నాలుగైదు బటన్లు, వాటి మధ్య ఓ గుండ్రటి చక్రం. పైన షట్టరు, దాని పక్కన మరో చిన్న బటన్‌. అలవాటైనవాళ్లు వీటిని చూడరు, తడుముతారు. కన్ను ఎదుటి మనిషి మీద, వేలు బటన్‌ మీద. ఆ రెంటి మధ్యా ఆలోచనకు పనిలేనప్పుడే మంచి ఫొటో పడుతుంది. అలాంటి కెమెరాలో 'ఫర్మ్‌వేర్‌ అప్‌డేట్‌' పేరిట బటన్ల కొలువు మారితే? కొన్నిసార్లు అది వరం. కొన్నిసార్లు మెంతులు పడిన చారు!

మీరు నొక్కండి... చాలు!

కెమెరాకు ఒకే ఒక్క బటన్‌ ఉన్న కాలం ఉండేది. 1888లో అమెరికాలో జార్జ్‌ ఈస్ట్‌మన్‌ 'కొడాక్‌' అనే పెట్టె కెమెరాను జనంలోకి తెచ్చాడు. ధర 25 డాలర్లు. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము చుట్టి ఉండేది. అన్నీ తీశాక కెమెరాను అలాగే రాచెస్టర్‌లోని కంపెనీకి పంపేయాలి. 10 డాలర్లు తీసుకుని వాళ్లే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము నింపి తిప్పి పంపేవారు. 'మీరు బటన్‌ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం' అన్నది వాళ్ల ప్రకటన. ఫొటో తీయడమంటే పెద్ద విద్య అనుకునే రోజుల్లో ఆ మాటే లక్షల ఇళ్లలోకి కెమెరాను నడిపించింది.

ఆ ప్రకటనలో ఒక ఒప్పందం కూడా ఉంది చూశారూ... బటన్‌ ఏం చేయాలో కంపెనీ నిర్ణయిస్తుంది, నొక్కడం వరకే మన పని. దాదాపు వందేళ్లు ఆ ఒప్పందాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. ఆ తర్వాత కెమెరాల్లోకి ఎలక్ట్రానిక్స్‌ వచ్చింది. షట్టరును సగం నొక్కితే ఫోకస్‌, పూర్తిగా నొక్కితే ఫొటో అన్న పద్ధతి వచ్చింది. 'ఒకే వేలికి రెండు పనులెందుకు?' అని కొందరికి అనిపించింది. 1989లో కెనన్‌ తన ఈఓఎస్‌ 630 అనే ఫిల్ము కెమెరాలో ఫోకస్‌ పనిని షట్టరు నుంచి విడదీసి వెనకున్న బటన్‌కు అప్పగించుకునే వీలు కల్పించింది. బొటనవేలు ఫోకస్‌ చూసుకుంటుంది, చూపుడువేలు సమయం చూసుకుంటుంది. ఆటల పోటీలూ పక్షులూ తీసేవాళ్లు ఇప్పటికీ ఆ పద్ధతిని వదల్లేదు. బటన్‌ పని మార్చుకునే హక్కు కొద్దికొద్దిగా వినియోగదారు చేతికి రావడం అలా మొదలైంది.

బెల్లు ఒకటే... పిలుపే వేరు

ఇంతకీ ఒక బటన్‌ పని ఎలా మారుతుంది? లోపల వైర్లేమైనా మారుస్తారా? అస్సలు కాదు.

ఆఫీసులో అధికారి బల్ల మీద కాలింగ్‌బెల్‌ ఉంటుంది. ఆయన నొక్కితే బయట మోగుతుంది. బెల్లుకు తెలిసింది అంతే. ఒకసారి మోగితే ఫైలు తేవాలా, రెండుసార్లు మోగితే టీ తేవాలా అన్నది అటెండరుకు ముందుగా చెప్పిపెట్టిన మాటను బట్టి ఉంటుంది. అధికారి మారి కొత్తాయన వస్తే బెల్లు అదే ఉంటుంది, అర్థాలు మారతాయి. కెమెరాలోని బటన్‌ కూడా ఆ బెల్లు లాంటిదే. 'నన్ను నొక్కారు' అని చెప్పడమే దాని పని. ఆ కబురు అందుకుని ఏం చేయాలో తేల్చేది లోపలి చిప్‌లో రాసి ఉన్న ప్రోగ్రాము. దాని పేరే ఫర్మ్‌వేర్‌.

ఈ మాటను 1967లో ఆషర్‌ ఓప్లర్‌ అనే కంప్యూటర్‌ నిపుణుడు తొలిసారి వాడాడు. చేత్తో పట్టుకోగలిగే యంత్రభాగం హార్డ్‌వేర్‌. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగే ప్రోగ్రాము సాఫ్ట్‌వేర్‌. ఈ రెంటికీ నడుమ... యంత్రాన్నే అంటిపెట్టుకుని ఉంటూ, అవసరమైతే మార్చడానికి వీలయ్యేది ఫర్మ్‌వేర్‌ అన్నమాట. ఇవాళ టీవీలో, వాషింగ్‌ మెషీన్‌లో, కారులో అన్నింట్లోనూ అదే ఉంది.

ఫోనుల్లోనూ ఈ అనుభవం చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. పవర్‌ బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఫోన్‌ ఆగిపోవడం దశాబ్దాల అలవాటు. కొన్నేళ్ల కిందట కొన్ని ఫోన్లలో అప్‌డేట్‌ అయ్యాక అదే బటన్‌ నొక్కి పడితే ఫోన్‌ ఆగలేదు సరికదా, 'ఏం సాయం కావాలి' అన్నట్టు లోపలి సహాయకుడు మేలుకున్నాడు! తాతయ్యలు కంగారుపడ్డారు. మనవలు సెట్టింగుల్లోకి వెళ్లి పాత పద్ధతికి మార్చి ఇచ్చారు. కెమెరాలోనూ జరిగేది అదే.

'రా' అంటే రమ్మని కాదు

బటన్‌ గొడవల్లో చెప్పుకోదగ్గ కథ ఫ్యూజీఫిల్మ్‌ ఎక్స్‌100ది. 2010 సెప్టెంబరులో జర్మనీలోని కొలోన్‌ నగరంలో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో దాన్ని మొదట చూపించారు. పాతకాలపు ఫిల్ము కెమెరా రూపం. పైన షట్టరు వేగానికి ఒక చక్రం, లెన్సు చుట్టూ అపర్చరుకు ఒక రింగు. మార్చలేని 23 మిల్లీమీటర్ల లెన్సు. 2011 మార్చిలో అమ్మకాలు మొదలయ్యాయో లేదో, అదే నెల 11న జపాన్‌ను భూకంపం, సునామీ కుదిపేశాయి. కెమెరా తయారయ్యే కర్మాగారం మియాగీ ప్రాంతంలోనే ఉంది. ఉత్పత్తి కొన్నాళ్లు ఆగిపోయింది.

రూపానికి అందరూ ముచ్చటపడ్డారు. వాడకం మొదలయ్యాక సణుగుడు మొదలైంది. మన ఇష్టప్రకారం మార్చుకోవడానికి ఇచ్చిన బటన్‌ ఒకే ఒక్కటి... షట్టరు పక్కనున్న 'ఎఫ్‌ఎన్‌'. దానికి ఏ పని అప్పగించాలి? వెలుతురును బట్టి మార్చే ఐఎస్‌ఓకా, ఎండ మరీ ఎక్కువైతే తగ్గించే ఎన్‌డీ ఫిల్టరుకా? ఏది ఇచ్చినా రెండోదాని కోసం మెనూలో వెతుక్కోవాల్సిందే. మరోవైపు వెనక కింది మూల 'రా' అని రాసిన బటన్‌ ఒకటి ఖాళీగా కూర్చుంది. రా అంటే రమ్మని పిలవడం కాదు, ఇంగ్లిషులో 'పచ్చిది' అని. సెన్సరు నుంచి వచ్చిన సమాచారాన్ని వండకుండా పచ్చిగా దాచిపెట్టడానికి ఆ బటన్‌. అది కావాలనుకునేవాళ్లు ఒకసారి మెనూలో పెట్టి వదిలేస్తారు. అక్కర్లేనివాళ్లు అసలు ముట్టుకోరు. ఎటు చూసినా బొటనవేలికి అందే మంచి చోటు దండగ!

వాడేవాళ్లు ఈ మాటే పదేపదే అడిగారు. 2012లో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌తో ఆ బటన్‌కు విముక్తి దొరికింది. మీద రాసిన అక్షరాలు చెరిగిపోలేదు. కానీ దానికి ఐఎస్‌ఓనో, ఎన్‌డీ ఫిల్టరునో, ఇష్టమైన మరో పనినో అప్పగించుకోవచ్చు. బోర్డు మీద కిరాణా కొట్టనే ఉంటుంది, లోపల మాత్రం మందులు అమ్ముతారన్నమాట. కొత్తవాళ్లకు తికమకే. యజమానికి మాత్రం హాయి.

విశేషం అంతటితో ఆగలేదు. 2013 జనవరిలో ఎక్స్‌100ఎస్‌ అనే వారసుడు వచ్చేశాడు. మామూలుగా అయితే పాత మోడల్‌ను ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ ఏడాది అక్టోబరులో పాత ఎక్స్‌100 కోసం మరో ఫర్మ్‌వేర్‌ వచ్చింది. ఫోకస్‌ వేగం పెరిగింది. చేత్తో ఫోకస్‌ చేసేటప్పుడు స్పష్టంగా ఉన్న అంచులు మెరిసి కనిపించే సదుపాయమూ వచ్చి చేరింది. రెండున్నరేళ్ల కిందట డబ్బు కట్టేసిన మనిషికి, మళ్లీ రూపాయి అడగకుండా! కెమెరా ప్రియుల్లో ఆ కంపెనీకి వచ్చిన మంచిపేరులో ఇలాంటి అప్‌డేట్ల వాటా తక్కువేం కాదు.

ఎవరూ నొక్కని బటన్‌కు పునర్జన్మ

2000 తర్వాత కొన్న కెనన్‌ పవర్‌షాట్‌ కెమెరా మీ ఇంటి బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి. చాలా మోడళ్ల వెనక ఓ చిన్న ప్రింటరు బొమ్మ ఉన్న బటన్‌ కనిపిస్తుంది. కంప్యూటరు లేకుండా కెమెరాను నేరుగా ప్రింటరుకు తగిలించి ఫొటో తీసుకోవడానికి 2003లో 'పిక్ట్‌బ్రిడ్జ్‌' అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఆ ఉత్సాహంలో పుట్టిన బటన్‌ అది. మన దగ్గర దాన్ని నొక్కినవాళ్లు ఎంతమంది? మెమరీ కార్డు జేబులో వేసుకుని వీధి చివర ఫొటో ల్యాబుకు వెళ్లిన వాళ్లమే అందరమూ.

2006-07 ప్రాంతంలో కొందరు ఔత్సాహిక ప్రోగ్రామర్లు ఆ బటన్‌ మీద కన్నేశారు. కెనన్‌ కాంపాక్ట్‌ కెమెరాల కోసం 'సీహెచ్‌డీకే' అనే ఉచిత ప్రోగ్రామును తయారుచేశారు. ఇది కంపెనీ ఇచ్చింది కాదు. కెమెరాలోని అసలు ఫర్మ్‌వేర్‌ను చెరిపేదీ కాదు. మెమరీ కార్డులో ఉండి, కెమెరా వేసినప్పుడు పాత ప్రోగ్రాము పక్కన కూర్చుంటుంది. కార్డు తీసేస్తే కెమెరా మళ్లీ మామూలే. అలా కూర్చున్న అతిథిని పిలవడానికి ఓ తలుపు కావాలి కదా... చాలా మోడళ్లలో ఆ తలుపు ఈ ప్రింటు బటనే! దాన్ని నొక్కితే కొత్త మెనూ తెరుచుకుంటుంది. చవక కెమెరాలోనూ రా ఫైళ్లు, ఫలానా సెకన్లకొక ఫొటో, మెరుపు మెరిస్తే దానంతటదే ఫొటో... ఇలా ఎన్నో.

2009 సెప్టెంబరులో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు ఇలాంటి ఓ చిన్న పవర్‌షాట్‌ను బెలూనుకు కట్టి ఆకాశంలోకి వదిలారు. కొన్ని సెకన్లకొకటి చొప్పున అది ఫొటోలు తీసుకుంటూ 90 వేల అడుగుల పైకి వెళ్లింది. నల్లటి ఆకాశం, గుండ్రంగా వంగిన భూమి అంచు అందులో పడ్డాయి. మొత్తం ఖర్చు 150 డాలర్ల లోపే. పైకి పంపిన కెమెరాకు బటన్‌ నొక్కే వేలుండదు. ఆ వేలి పనిని ప్రోగ్రాము చేసింది.

అయితే ఒక మాట. కంపెనీ ఇవ్వని ప్రోగ్రాములతో ఏదైనా తేడా వస్తే జవాబుదారీ మనమే. వారంటీ ఉన్న కొత్త కెమెరా మీద ప్రయోగాలు వద్దు. బీరువాలో పడుకున్న పాత కెమెరాతో అయితే సరే!

బొటనవేలి వీడియోలు

అన్ని బటన్లకూ కొత్త పని అక్కర్లేదు. కొన్నింటికి అసలు పనే వద్దనిపిస్తుంది. వీడియో మొదలుపెట్టే ఎర్ర చుక్క బటన్‌ అలాంటిది. కెమెరాలు చిన్నవయ్యేకొద్దీ పట్టుకునే చోటే బటన్‌ ఉండే పరిస్థితి వచ్చింది. బొటనవేలు ఆన్చితే చాలు, రికార్డింగు మొదలు. ఇంటికొచ్చి చూసుకుంటే చెప్పులు, నేల, చీర కుచ్చిళ్లు, 'పద పద బస్సు వచ్చేసింది' అన్న కేకలు. పది నిమిషాల వీడియో, అయిపోయిన బ్యాటరీ!

సోనీ నెక్స్‌-7 అనే చిన్న కెమెరా కొన్నవాళ్లు ఇదే బాధ వినిపించారు. 2012లో వచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఆ బటన్‌ పనిచేయకుండా ఆపేసే సదుపాయం ఇచ్చారు. కొత్త హంగు చేర్చినందుకు కాదు, ఉన్నదాన్ని నోరు మూయించినందుకు జనం సంతోషించిన అప్‌డేట్‌ అది. తర్వాత వచ్చిన చాలా కెమెరాల్లో వీడియో బటన్‌ను మరో పనికి వాడుకునే వీలు మొదటినుంచే ఉంటోంది.

ఫొటోల్లో లేని నాన్న

సరే, ఇదంతా కంపెనీల గోల. మరి ఇంట్లో? ఓ ఇంటిని ఊహించుకుందాం. మీ వీధిలోనే ఉండొచ్చు, మీ ఇల్లే కావచ్చు కూడా.

ఆ ఇంటాయనకు చిన్న కెమెరా ఒకటుంది. మొదటి పాప పుట్టినప్పుడు కొన్నది. దాని బటన్లన్నీ తనకు నచ్చినట్టు సర్దుకున్నాడు. వెనక బటన్‌కు ఫోకస్‌, పై బటన్‌కు ఐఎస్‌ఓ, చక్రం ఎడమకు తిప్పితే వెలుతురు తగ్గింపు. నాలుగేళ్లుగా కళ్లు మూసుకుని వాడుతున్నాడు. రెండో బిడ్డ అన్నప్రాశన. ముందురోజు రాత్రి పన్లన్నీ అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుంటే, కెమెరాకు కొత్త ఫర్మ్‌వేర్‌ వచ్చిందని కనిపించింది. 'రేపు ఫంక్షను కదా, కొత్తది వేసేస్తే ఇంకా బాగా వస్తాయి' అనుకున్నాడు. వేశాడు. నిమిషాల్లో అయిపోయింది. తృప్తిగా పడుకున్నాడు.

మర్నాడు చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు పెట్టారు. పిల్లాణ్ని వదిలారు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. వాడు కాసేపు అటూ ఇటూ చూసి పాకడం మొదలుపెట్టాడు. ఆయన బొటనవేలు అలవాటుగా వెనక బటన్‌ నొక్కింది. ఫోకస్‌ కాలేదు. తెర మీద ఏదో మెనూ తెరుచుకుంది. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ కంపెనీ పెట్టిన పాత స్థితికి వెళ్లిపోయాయి. మెనూ మూయడానికి కిందికి చూశాడు. మళ్లీ తలెత్తేసరికి చప్పట్లు. పిల్లాడు కలం పట్టుకున్నాడు, నోట్లో పెట్టుకోబోయాడు, వాళ్లత్త లాగేసుకుంది కూడా.

'ఏరా, తీశావా?' అంది వాళ్లమ్మ. ఆయన మాట్లాడలేదు. కలాన్ని మళ్లీ పిల్లాడి చేతిలో పెట్టి ఒక ఫొటో తీశారు. అందులో పిల్లాడు ఏడుస్తున్నాడు.

రాత్రి చుట్టాలంతా వెళ్లాక ఆయన కెమెరా పట్టుకుని ఒక్కో బటన్‌కీ పాత పని అప్పగిస్తూ కూర్చున్నాడు. భార్య పక్కన కూర్చుని పాత ఆల్బమ్‌ తిప్పుతోంది. ఏవో ఐదారు పేజీలు చూశాక అంది... 'ఏమండీ, పెద్దదాని పుట్టినరోజులు నాలుగూ ఉన్నాయి ఇందులో. మీరు ఒక్కదాంట్లోనూ లేరు.'

'నేనే తీశాను కదా.'

'నేను తీస్తానంటే ఇచ్చారా ఎప్పుడైనా? ఇచ్చినా ఏది నొక్కితే ఏమవుతుందో నాకు తెలిసి చస్తేనా! షట్టరు నొక్కితే ఫోకసే కాదు. ఆ కెమెరా మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు.'

ఆమె కోపంగా అనలేదు. ఉన్నమాటే అంది. ఆయనకు పొద్దున పోయిన ఫొటో కంటే ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. పోయిన ఫొటో ఒక్కటి. తను లేని ఫొటోలు నాలుగేళ్లవి! పెద్దయ్యాక పిల్లలు ఆల్బమ్‌ తిప్పితే నాన్న ఎక్కడని అడగరా?

ఆ రాత్రి ఆయన బటన్లు మళ్లీ సర్దుకున్నాడు. అయితే ఈసారి పైన చక్రంలో రెండు గదులు వేరుచేశాడు. ఒకటి తనకు, తన వేళ్లకు తెలిసిన పద్ధతిలో. రెండోది ఇంటిల్లిపాదికీ. అందులో షట్టరు నొక్కితే ఫోకస్‌, ఫొటో రెండూ అయిపోతాయి. మిగతా బటన్లతో పనిలేదు. పక్కన గోళ్లరంగుతో చిన్న ఎర్ర చుక్క కూడా పెట్టాడు. 'ఈ చుక్క దగ్గర ఉంటే ఎవరైనా తీయొచ్చు' అని భార్యకు చూపించాడు. ఆమె వెంటనే కెమెరా లాక్కుని ఆయన్నే తీసింది. జుట్టు చెదిరి, కళ్లు ఎర్రబడి, నిద్రమత్తులో ఉన్న ముఖం. ఆల్బమ్‌కు పనికొస్తుందా అంటే... తప్పకుండా పనికొస్తుంది!

ఏ బటన్‌కు ఏ పని?

ఈ సర్దుబాటుకు శాస్త్రమంటూ ఏమీ లేదు. తర్కం మాత్రం ఉంది. వారానికోసారి మార్చేవి మెనూలోనే ఉండొచ్చు. క్షణంలో మార్చాల్సినవి వేలికి అందాలి. గుళ్లోంచి ఎండలోకి వస్తే వెలుతురు మారుతుంది. నిలబడిన పిల్లాడు పరుగెత్తితే ఫోకస్‌ మారాలి. కాబట్టి ఐఎస్‌ఓ, వెలుతురు హెచ్చుతగ్గులు, ఫోకస్‌... ఈ మూడింటికీ మంచి చోట్లు ఇస్తే చాలావరకు సరిపోతుంది. తేదీ మార్చడం, కార్డు ఫార్మాట్‌ చేయడం లాంటివి పొరపాటున వేలు తగిలే చోట అస్సలు వద్దు.

రికో జీఆర్‌ లాంటి కెమెరాలను కుడిచేత్తోనే మొత్తం నడిపించేలా తయారుచేశారు. ఎడమచేత్తో సంచీనో, పిల్లాణ్నో పట్టుకున్నవాళ్లకు అది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. మీ కెమెరా అలాంటిది కాకపోయినా, తరచూ వాడే పనులను కుడి బొటనవేలి పరిధిలోకి తెచ్చుకోవచ్చు. కీళ్లనొప్పులతో సన్న బటన్లు నొక్కలేని పెద్దవాళ్లకు ఈ సదుపాయం హంగు కాదు, అవసరం. గట్టిగా ఉండే బటన్‌ పనిని మెత్తగా నొక్కుకునే బటన్‌కు మార్చి ఇస్తే, పక్కన పెట్టేసిన కెమెరాను మళ్లీ చేతిలోకి తీసుకుంటారు.

ఇంకో కిటుకు. ఒక్కసారే అన్నీ మార్చకండి. ఒకట్రెండు మార్చి, రెండు వారాలు వాడి, తర్వాత మిగతావి. పాత బుల్లెట్‌ నడిపినవాళ్లను అడిగి చూడండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే బండి నుంచి మిగతా బండ్లకు మారిన కొత్తలో, బ్రేకు వేయబోయి గేరు తొక్కిన కథలు బోలెడు చెబుతారు. తలకు తెలిసినంత త్వరగా కాలికి తెలియదు. వేలికీ అంతే.

అప్‌డేట్‌ చేసేముందు...

* పెళ్లికో, ప్రయాణానికో ముందురోజు అప్‌డేట్‌ చేయొద్దు. కనీసం వారం ముందు చేసి, నాలుగు ఫొటోలు తీసి చూసుకోవాలి.

* ఇప్పుడున్న సెట్టింగుల్ని ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒక్కో మెనూ పేజీకి ఒక్కో ఫొటో. అప్‌డేట్‌లో అన్నీ చెరిగిపోయినా పావుగంటలో తిరిగి సర్దుకోవచ్చు.

* ఫైలును కెమెరా కంపెనీ సొంత సైటు నుంచే దించుకోవాలి. మీ మోడల్‌ పేరు అక్షరం పొల్లు పోకుండా సరిచూసుకోవాలి. ఎక్స్‌100, ఎక్స్‌100ఎస్‌ ఒకటి కావు.

* కార్డులో ఫొటోలుంటే ముందు కంప్యూటరులోకి ఎక్కించి, తర్వాత కెమెరాలోనే ఫార్మాట్‌ చేయాలి. ఫైలు పేరు మార్చకుండా, ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా నేరుగా కాపీ చేయాలి.

* బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో కెమెరా ఆపినా, బ్యాటరీ తీసినా ప్రోగ్రాము సగంలో తెగిపోయి కెమెరా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు సర్వీసు సెంటరే గతి.

* అయ్యాక వెర్షన్‌ నంబరు మారిందో లేదో చూడండి. కొత్తగా ఏం మారిందో కంపెనీ ఇచ్చిన వివరం చదవండి. మీరు ఏళ్లుగా కోరుకుంటున్నది అందులో ఉండొచ్చు.

వండి వడ్డించాక ఉప్పు

ఈ నాణేనికి రెండో వైపూ ఉంది. అప్‌డేట్‌ వస్తుందిలే అన్న ధీమాతో అరకొర వస్తువును బజారులోకి దించేయడం కంపెనీలకు అలవాటవుతోందన్న విమర్శ చాలాకాలంగా ఉంది. పప్పు ముందు వడ్డించి, ఉప్పు తర్వాత పంపిస్తామన్నట్టు! ఎక్స్‌100 విషయంలో జనం మెచ్చుకున్నదీ, గొణిగిందీ ఒకే సంగతి గురించి. తర్వాతైనా ఇచ్చారని కొందరంటే, మొదటే ఎందుకివ్వలేదని మరికొందరన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

కెమెరాల బజారూ మారిపోయింది. జపాన్‌ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్‌ కెమెరాలు బజారులోకి వచ్చాయి. 2023లో ఆ సంఖ్య 80 లక్షలకు లోపే. జేబులో ఫోన్‌ ఉండగా కెమెరా ఎందుకన్నారు చాలామంది. తమాషా ఏంటంటే, ఆ తగ్గిన రోజుల్లోనే ఎక్స్‌100 వంశంలోని ఎక్స్‌100వి కోసం కుర్రకారు నెలల తరబడి ఎదురుచూశారు. 2024లో ఎక్స్‌100-6 వస్తే దానికీ అదే గిరాకీ. బీరువాల్లోని పాత కాంపాక్ట్‌లనూ పిల్లలు దుమ్ము దులిపి బయటకు తీస్తున్నారు. అద్దం మీద వేలు జార్చడం కాదు, నిజమైన బటన్‌ను 'టక్‌'మని నొక్కడంలో వాళ్లకేదో కొత్త సరదా!

మీ ఇంట్లోనూ అలాంటి కెమెరా ఉంటే ఈ ఆదివారం బయటకు తీయండి. బ్యాటరీ చార్జింగ్‌ పెట్టి, మెనూలో 'బటన్‌ సెట్టింగ్స్‌' లాంటి పేజీ ఉందేమో చూడండి. మీ వేళ్లకు నచ్చినట్టు ఒక గది సర్దుకోండి. ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా ఇంకో గది వదిలిపెట్టండి. బటన్‌ ఏం చేయాలన్నది ఇప్పుడు మన చేతిలోనే ఉంది. కెమెరా ఎవరి చేతిలో ఉండాలన్నదీ అంతే... అప్పుడప్పుడూ పక్కవాళ్లకూ ఇస్తుండాలి మరి!